పిడి దగ్గర గీత

ఫిబ్రవరి 4

అక్కా,

ఫోన్‌లో మాట్లాడుకుంటే మూడో మాటకే ఎవరో ఒకరం పెట్టేస్తున్నాం కాబట్టి నువ్వన్నట్టే ఉత్తరం రాస్తున్నాను. ఇదే నయం. నేను చెప్పేది చివరిదాకా వింటావు, మధ్యలో అడ్డు తగలడానికి వీల్లేదు.

ఈ పెట్టెలో రెండు గాజు జగ్గులున్నాయి. నా సొంత బట్టీలో పుట్టిన మొదటి సరుకు. ఇన్నేళ్ళూ ఎవరెవరి గాజుసామానో సంచిలో వేసుకుని కొట్టు కొట్టుకీ తిరిగాను. ఇవి మాత్రం నావి. తిరగేసి అడుగున చూడు, మన ఇంటిపేరు మొదటి అక్షరం వేయించాను. టీ, కాఫీ, మరిగే నీళ్ళు, ఏది పోసినా చెక్కుచెదరదు. కేటలాగు అట్ట మీద రాయబోయే మాట కూడా అదే.

మే నెలలో ఇంటిసామాన్ల ప్రదర్శన ఉంది. కొట్లవాళ్ళందరూ వస్తారు. ఆలోపు కేటలాగు అచ్చవ్వాలి. ఫోటోలు నువ్వే తియ్యాలి. వెనక తెల్లగా ఉండాలి, జగ్గులోకి మరిగే నీళ్ళు పడుతుంటే పైకి ఆవిరి లేవాలి. నీకు గంట పని. సబ్బులకీ చెప్పులకీ చెంచాలకీ ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్నదానివి, సొంత తమ్ముడి జగ్గు నీకో లెక్కా?

నీ మేనకోడలు కులాసా. "అత్త మనుషుల ఫోటోలు ఎందుకు తియ్యదు? మనుషులంటే పడదా?" అని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?

తొందరలో ఉన్న
తమ్ముడు


ఫిబ్రవరి 13

గంట పని అన్న మహానుభావుడికి,

ముందు నా మేనకోడలికి జవాబు. వస్తువులు అలగవు. మొహం చిట్లించవు. "ఎడంవైపు నుంచి తీస్తే నేను బాగుంటాను" అనవు. నేను పెళ్ళి ఫోటోల స్టూడియోలోనే పని మొదలుపెట్టాను. పెళ్ళికూతుళ్ళ తల్లులతో వేగలేక చెప్పుల కొట్టు ఫోటోల వైపు మళ్ళాను. చెప్పులకి తల్లులుండరు. అయితే చెప్పులు చేయించినవాళ్ళు ఉంటారని తర్వాత తెలిసింది. ఇవాళ ప్రకటనల ఏజెన్సీ ఆయన వచ్చి, నా భుజం వెనక నిలబడి, "మేడం, సబ్బు ఇంకాస్త తాజాగా కనిపించాలి" అన్నాడు. తాజాగా కనిపించడానికి అది సబ్బా, సొరకాయా?

ఇక నీ సంగతి. పెట్టె ఎత్తగానే గలగలమంది. ఒక జగ్గుకి పిడి ఒకచోట, ఒళ్ళు ఒకచోట. గాజుని పాత పేపర్లో చుట్టి పంపుతార్రా ఎవరైనా? రెండోది బతికింది గానీ దాని నిండా వేలిముద్రలే. ఎవరు సర్దారో గానీ నూనె చేతులు. తుడిచీ తుడిచీ నా మెడ పట్టేసింది.

గాజుని వెలిగించడం కుదరదు, తెలుసా? అది చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ మింగి మనకే చూపిస్తుంది. అందుకని నాలుగు గోడలకీ నల్లగుడ్డ కట్టాలి. నేనూ నల్లబట్టలే వేసుకోవాలి, లేకపోతే నీ జగ్గు పొట్టలో నా మొహం కనిపిస్తుంది. అంచులు తేలడానికి అటో నల్ల అట్టముక్క, ఇటో తెల్ల అట్టముక్క నిలబెట్టి, గోరంత జరిపి, వెళ్ళి కెమెరాలో చూసి, మళ్ళీ వచ్చి గోరంత జరపాలి. నా నడుముని అడిగితే చెబుతుంది ఇది ఎన్ని గంటల పనో.

మంచి జగ్గులు పంపు. గుడ్డ చేతితొడుగులు వేసుకుని సర్దమను. స్పాంజి పెట్టించు.

మెడ తిప్పలేని
అక్క


ఫిబ్రవరి 22

అక్కా,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళడం నేను చేసిన తప్పు. జగ్గులు సర్దింది నీ మరదలు. "నావి నూనె చేతులట! ఏదో సాయం చేద్దామని కూర్చుంటే ఇదా మర్యాద?" అని మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆపలేదు. అక్క అలా అనలేదు, ప్రతి మనిషి చేతికీ నూనె ఉంటుందని అర్థం అని సర్దిచెప్పాను. "అయితే తన చేతులకి ఉండదా?" అంది. జవాబు నువ్వే ఆలోచించు.

ఇంకో నాలుగు జగ్గులు పంపుతున్నాను. చేతితొడుగులు వేసుకుని నేనే సర్దాను. స్పాంజి పెట్టాను. అచ్చాఫీసువాళ్ళు ఫోటోలేవీ అని అడుగుతున్నారు. దయచేసి నీ సబ్బుని కాసేపు పక్కన పెట్టు.

ఇద్దరి మధ్యా నలుగుతున్న
తమ్ముడు


మార్చి 10

తమ్ముడూ,

మరదలితో చెప్పు, నా చేతులకీ నూనె ఉంటుంది, అందుకే నేనూ తొడుగులు వేసుకుంటాను. ఆ మాట వాడి ఉండాల్సింది కాదు. చెప్పడం మర్చిపోకు.

నాలుగూ క్షేమంగా చేరాయి. మెచ్చుకుందామనే కూర్చున్నాను. ఆకారం చక్కగా ఉందిరా. మూతి దగ్గర ఆ వంపు చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. కానీ పిడి వచ్చి ఒంటికి అతికేచోట, కింది మొదట్లో, వెంట్రుకలాంటి గీత ఉంది. మొదట దుమ్మనుకున్నాను, కుంచెతో దులిపాను. తర్వాత దీపం నీడనుకున్నాను, దీపాన్ని మార్చాను. జగ్గునే మార్చాను. నాలుగింటికీ అదేచోట అదే గీత. వేలు పెడితే తగలదు, లెన్సు దగ్గరికి తెస్తేనే కనిపిస్తుంది.

మెరుపు తగ్గించడానికి నా దగ్గర రెండు పోలరైజర్లు, అదే వెలుగుని వడగట్టే పల్చటి నల్లరేకులుంటాయి. ఒకటి దీపం ముందూ ఒకటి లెన్సు ముందూ పెట్టి ఎదురుబొదురుగా తిప్పితే, గాజు లోపల ఎక్కడ బిగుతు ఉందో అక్కడ ఇంద్రధనుస్సు రంగులు పుడతాయి. నీ జగ్గుకి పిడి మొదట్లో రంగులు ముద్దకట్టాయి. ఆ ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను, చూడు. నాకు గాజు చెయ్యడం రాదు, చూడటమే వచ్చు. అది ఏమిటో నువ్వే చెప్పాలి. తేలేదాకా ఫోటోలు ఆపుతున్నాను.

అక్క


మార్చి 19

అక్కా,

బొమ్మ అందింది. రంగులు బావున్నాయి. గోడకి తగిలించుకోవడానికి పనికొస్తుంది, కేటలాగుకి పనికిరాదు.

ఆ రంగులు ఏ గాజులోనైనా కొద్దో గొప్పో ఉంటాయి. ఆ గీత కూడా పిడి అతికించినప్పుడు పడే మడత అయ్యుంటుంది. అసలు ఉందో లేదో కూడా నాకు అనుమానమే. నేను చూస్తే కనపడలేదు, బట్టీలో ఎవరికీ కనపడలేదు. నీకు చూపు తగ్గిందని, డాక్టర్ దగ్గరికి తిరుగుతున్నావని పిన్ని చెప్పింది. నాతో ఒక్క మాటైనా అనలేదేం? ముందు కళ్ళు బాగు చేయించుకో.

పోనీ, గీత ఉందనే అనుకుందాం. చెరిపెయ్యి! పళ్ళరసం ఫోటోలో మంచుముక్కలకి బదులు ప్లాస్టిక్ ముక్కలు వేస్తానని, టమాటా మీద చెమ్మ కోసం గ్లిజరిన్ చల్లుతానని నువ్వే గొప్పగా చెప్పావు. పాలకి బదులు జిగురు పోసినదానివి! అబద్ధం నీ వృత్తిలోనే ఉంది. ఊళ్ళోవాళ్ళ సరుకుకి ఆడిన అబద్ధం సొంత తమ్ముడికి వచ్చేసరికి చేదైందా?

అచ్చాఫీసువాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు.

తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడూ,

పిన్నికి నేను చెప్పింది పుస్తకం చదువుకునే కళ్ళజోడు మార్చానని. అది నీ దగ్గరికి వచ్చేసరికి నేను గుడ్డిదాన్నయ్యాను. ఇంకొకరికి చెబితే గోడ తడుముకుంటూ నడుస్తున్నానంటారు. ఈ ఉత్తరం రాసే ముందు లేచి, గదిలో రెండు చుట్లు తిరిగి, మంచినీళ్ళు తాగి వచ్చాను. అయినా ఒళ్ళు మండుతూనే ఉంది.

అబద్ధం గురించి అడిగావు కదా, చెబుతాను. దీపాల వేడికి నిజమైన మంచు కరిగిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ వేస్తాను. ఆ రసం కొన్నవాడు ఇంటికెళ్ళి తన మంచు తను వేసుకుంటాడు. నా ప్లాస్టిక్‌తో వాడికి పనిలేదు. టమాటా మీద చెమ్మ నాది, టమాటా మాత్రం వాళ్ళదే. కుళ్ళిన టమాటాకి ఎర్రరంగు పుయ్యమంటే పుయ్యను. నా వేలిముద్ర చెరుపుతాను, నా స్టూడియో దుమ్ము చెరుపుతాను. ఆ గీత నాది కాదు, నీ జగ్గుది. అది కొన్నవాళ్ళ ఇంటికి కూడా వెళుతుంది. ఎవరో ఒకావిడ అందులో మరిగే టీ పోసి, ఆ పిడి పట్టుకుని, పిల్లలు కూర్చున్న బల్ల దగ్గరికి నడుస్తుంది. తేడా అర్థమవుతోందా, లేక ఇది కూడా నా కళ్ళ జబ్బేనా?

మరిగే నీళ్ళు పోసి, చల్లార్చి, మళ్ళీ పోసి, నువ్వే ఎత్తి చూడు. అంతకంటే ఏమీ అడగడం లేదు. ఎంత మొండివాడివిరా నువ్వు! చిన్నప్పటి నుంచీ అంతే.

చూపు దివ్యంగా ఉన్న
అక్క


ఏప్రిల్ 20

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఫోటోల కోసం ఎదురుచూసే తీరిక లేక వేరే కుర్రాడితో పని చేయించుకున్నాను. అతను మధ్యాహ్నం ఫోటోలు తీసి, సాయంత్రానికి ఆవిరి కూడా కంప్యూటర్లోనే పెట్టి ఇచ్చాడు. గీతలూ రంగులూ అతనికి కనిపించలేదో, కనిపించినా ఉపన్యాసం ఇవ్వలేదో నాకు తెలియదు. కేటలాగు కాపీ ఒకటి పంపుతున్నాను. కొన్ని కొట్లవాళ్ళు అప్పుడే సరుకు అడిగారు.

ఇంతవరకు మీరు పడ్డ శ్రమకి కృతజ్ఞతలు.

ఇట్లు,
జగ్గుల వ్యాపారి


ఏప్రిల్ 29

తమ్ముడూ,
కేటలాగు అందింది. అచ్చు బాగుంది.
జగ్గులు కొట్లకి పంపకు.
అక్క


మే 20

అక్కా,

నాలుగు ముక్కలు రాశావు, అవైనా తిన్నగా రాయలేకపోయావా? నీది ముత్యాలకోవ లాంటి దస్తూరీ. నడుస్తున్న బస్సులో రాశావా? లేక వీడికి ఇది చాలన్నట్టు విసిరికొట్టావా? అక్షరాలు ఒకటి గోడెక్కుతుంటే ఇంకొకటి గోతిలో పడుతోంది. నీ కోపం ఎంతుందో ఆ అక్షరాలే చెప్పాయి.

ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. జనం జగ్గు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. అలాంటప్పుడు నువ్వు పక్కన ఉండుంటే బావుండునని అనుకోకూడదనుకున్నా అనుకున్నాను. నువ్వేమో స్టూడియోకి తాళం వేసి కూర్చున్నావట. సబ్బు కంపెనీ పని కూడా వదిలేశావట. నామీద అలిగి అన్నం మానేసినట్టు పని మానేస్తావా? ఈ వయసులో ఈ పంతమేంటక్కా? ఇదీ పిన్ని చెప్పిందే.

నీ మరదలు ఆ వైపు పనుండి వస్తోంది. నీ దగ్గరికి వస్తుంది. ఫిబ్రవరి నుంచి దాచుకున్న మాట ఒకటుంది, అడిగి తీరతానంటోంది. మీరూ మీరూ తేల్చుకోండి.

తమ్ముడు


మే 30

ఏమండీ,

అక్షరాలు నావి, మాటలు వదినవి. "నావి నూనె చేతులా?" అని ఎదురుగా నిలబడి అడిగేద్దామనే వచ్చాను. తలుపు తీసిన మనిషికి కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. అడగాల్సింది పక్కన పెట్టి, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. ఇక వదిన చెబుతున్నారు, చదవండి.

ఒరేయ్ తమ్ముడూ,

నీ పెళ్ళాం నా మాట వినే రకం కాదు. చెప్పకపోతే తనే రాసేస్తానని కాగితం పట్టుకు కూర్చుంది. (అవును, అన్నాను.) ఆ నాలుగు ముక్కలూ నేను బస్సులో రాయలేదు, కోపంతోనూ రాయలేదు. ఎడంచేత్తో రాశాను.

ఏప్రిల్‌లో ఆ పెద్ద ఉత్తరం పోస్టు చేశాక నాకే మనసాగలేదు. ఎంతైనా నీ మొదటి సరుకు. ఆ గీత నేనే చెరిపేస్తే ఏం పోయింది అనుకున్నాను. అవును, అంత ఉపన్యాసం దంచినదాన్నే. గోడలకి నల్లగుడ్డ కట్టాను. వెనకనుంచి వెలుగు పడితేనే ఆవిరి కనిపిస్తుందని దీపాన్ని వెనక్కి మార్చాను. నీళ్ళు మరిగించి పోశాను. ఆవిరి ఎంత అందంగా లేచిందిరా! జగ్గుని కొంచెం పక్కకి జరుపుదామని పిడి పట్టి ఎత్తాను. పిడి నా చేతిలో ఉంది. జగ్గు లేదు.

(ఇక్కడ వదిన లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు.)

కింద వాటాలో టైలరు నా కేక విని పైకి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చెయ్యి కాలింది, మణికట్టు దగ్గర తెగింది. కుట్లు వేశారు. వేళ్ళు మెల్లగా కదులుతాయన్నారు. కెమెరా మీట నొక్కడానికి ఇంకా సమయం పడుతుంది. సబ్బు ఏజెన్సీ ఆయన్ని నేనే పంపేశాను. అలక కాదు.

నీకెందుకు చెప్పలేదంటావా? ఇంటికొచ్చేసరికి నీ కేటలాగు గుమ్మంలో ఉంది, "గౌరవనీయులైన అక్కగారికి" అంటూ. అప్పుడు చెబితే కాలిన చెయ్యి చూపించి వాదం గెలిచినట్టుంటుంది. పైగా గీత చెరపడానికి సిద్ధపడ్డదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పను? జగ్గులు కొట్లకి పంపకు అని మాత్రం రాశాను. "ఎందుకు" అని అడుగుతావనుకున్నాను. నువ్వు దస్తూరీ గురించి అడిగావు.

(ఇక్కడ వదిన మిమ్మల్ని ఒక మాట అన్నారు. అది రాయను. నేనూ అదే అన్నాను. ఆవిడ చెయ్యి నయమయ్యేదాకా నేనిక్కడే ఉంటాను. మీరు ముందు కొట్లకి వెళ్ళండి.)


జూన్ 16

అక్కా,

ఉత్తరం చదివి గోదాములోకి వెళ్ళాను. తోలు తొడుగులు వేసుకుని, నీళ్ళు మరిగించి, జగ్గు తర్వాత జగ్గు పోసి ఎత్తాను. చాలావరకు నిలబడ్డాయి. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అన్నీ పగిలిపోతే ఎవరూ కొనరు. ఏది ఆగుతుందో ఏది ఊడుతుందో చెప్పలేని సరుకు ఇళ్ళల్లో కూర్చుంది.

గాజు పోశాక దాన్ని చల్లార్చే బట్టీలో పెట్టి, మెల్లగా, దాని ఓపిక మీద దాన్ని ఆరనివ్వాలి. ప్రదర్శనకి అందాలని నేను తొందరపెట్టి ముందే తీయించాను. నువ్వన్న బిగుతు అందుకే లోపల మిగిలిపోయింది. నువ్వు పంపిన రంగుల ఫోటో చూసిన రోజే లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆ అనుమానాన్ని ఎత్తి నీ కళ్ళమీద పెట్టాను.

కొట్టు కొట్టుకీ తిరిగాను. ఒకాయన "ఇదేమిటండీ, ఒక్కటీ పగల్లేదు, బ్రహ్మాండంగా పోతున్నాయి, వెనక్కెందుకు?" అన్నాడు. "పగలకముందే కావాలండీ" అన్నాను. కొన్నవాళ్ళ ఇళ్ళ ఆనవాళ్ళు అడిగి అక్కడికీ వెళ్ళాను. ఒక పెద్దావిడ జగ్గుని గుండెకి హత్తుకుని "ఇంత చక్కటిది ఎలా ఇస్తాను నాయనా, పువ్వులు పెట్టుకుంటాను" అంది. పువ్వులకైతే ఉంచుకోమని వచ్చేద్దామనిపించింది. వీధి చివరిదాకా వెళ్ళి, నీ చెయ్యి గుర్తొచ్చి, వెనక్కి తిరిగి, బతిమాలి తెచ్చుకున్నాను. తిట్టింది. పడ్డాను. ఆచూకీ దొరికిన ప్రతి జగ్గూ తెచ్చాను. దొరకనివాటి కోసం పేపర్లో వేయించాను, కేటలాగు మీద నా పేరు ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా.

తెచ్చినవన్నీ నా చేత్తోనే పగలగొట్టి మళ్ళీ కరిగించాను. నీ మేనకోడలు పక్కన నిలబడి చూసింది. "నాన్నా, ఏడుస్తున్నావా?" అంది. పొగ అన్నాను.

చెయ్యి కాలిందని నాకు చెప్పనందుకు నిన్ను ఎప్పటికీ క్షమించను. అది వేరే సంగతి.

తమ్ముడు


ఆగస్టు 27

ఒరేయ్,

కుడిచేత్తోనే రాస్తున్నాను. ముత్యాలు కావు గానీ నిలబడి ఉన్నాయి, సరిపెట్టుకో. నీ పెళ్ళాం నిన్న బయల్దేరింది. వెళ్ళేముందు నా వంటగది మొత్తం తనకి తోచినట్టు సర్దింది. ఉప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికి ఇవాళ ఉదయమంతా సరిపోయింది. తను లేకపోతే ఇల్లు బోసిగా ఉంది, ఆ మాట తనతో అనకు.

కొత్త జగ్గులు వచ్చాయి. మెచ్చుకోలు ఆశించకు. నిన్నంతా లెన్సు పెట్టి పిడి మొదట్లో వెతికాను. ఎటునుంచి వెలుగు పెట్టినా ఏమీ లేదు. నల్లరేకులు తిప్పాను. అక్కడక్కడ లేతరంగు పొరలాంటిది తప్ప ఏమీ లేదు. ఏ జగ్గులోనూ ఏమీ దొరకకపోయేసరికి నాకు చిరాకేసింది. ఇంత వెతికాక ఒక్క తప్పైనా చూపించని వస్తువుని ఏమనాలి?

ఇవాళ నీళ్ళు మరిగించి పోశాను. ధార వంకరపోయింది, బల్లంతా తడిసింది. జగ్గు మాత్రం పోసింది పోసినట్టు పట్టుకుని కూర్చుంది. పిడి మీద చెయ్యి వేశాను. తీసేశాను. మళ్ళీ వేశాను. ఎత్తాను. గది మధ్యలో, నల్లగుడ్డల మధ్య, దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను. వేడి పిడి దాకా మెల్లగా పాకుతుంటే తెలుస్తోంది, దించబుద్ధి కాలేదు. ఆవిరి లేచింది, పల్చబడింది, పోయింది. కెమెరా దగ్గరికి వెళ్ళాలన్న సంగతే మర్చిపోయాను.

అందుకని నీళ్ళు మళ్ళీ పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు నీకిది రాస్తున్నాను. ఇక ఆపుతాను. మరుగుతున్నాయి.

అక్క